రోగం వేళ రేటు అడగరాదా?

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, చుట్టకు నిప్పు కావాలన్నాడట మరొకడు. కరోనా కాలంలో సర్కారు సొమ్ముతో జరిగిన కొనుగోళ్ల మాట ఎత్తితే జనానికి ఈ సామెతే గుర్తుకొస్తుంది. ఆ మహమ్మారి వేళ ప్రాణాలకు తెగించి పనిచేసినవారు ఎందరో ఉన్నారు. ఆ మంట మీద చుట్ట ముట్టించుకున్నవారూ ఉండి ఉంటారు. ఎవరు ఏ కోవలోకి వస్తారో రచ్చబండ మీద కూర్చుని తేల్చలేరు. తేల్చగలిగింది కొనుగోలు కాగితం ఒక్కటే. ఆ కాగితం చూపమని అడిగే హక్కు పల్లెటూరి రైతుకు, కూలీకి కూడా ఉంది. ఆ హక్కును వాడుకునేవారే కరువయ్యారు.

రాష్ట్రంలో కరోనా చివరగా అడుగుపెట్టిన జిల్లాలు శ్రీకాకుళం, విజయనగరం. 2020 ఏప్రిల్ చివరి వారం దాకా శ్రీకాకుళం జిల్లాలో, మే మొదటి వారం దాకా విజయనగరం జిల్లాలో ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. కానీ కొనుగోళ్లు కేసుల కోసం ఆగలేదు. మాస్కులు, చేతి తొడుగులు, పరీక్ష కిట్లు, బ్లీచింగ్ పౌడరు, హైపోక్లోరైటు ద్రావణం, ఆక్సిజన్ సిలిండర్లు... జాబితా పెరుగుతూ పోయింది. మామూలు రోజుల్లో అయితే టెండరు పిలవాలి, నలుగురు వ్యాపారులు ధరలు వేయాలి, తక్కువ ధర వేసినవాడికి పని దక్కాలి. విపత్తు వేళ ఆ వ్యవధి ఉండదు గనుక నిబంధనలు సడలిస్తారు. సడలించడం తప్పు కాదు. సడలించిన తర్వాత ఏమి కొన్నారో, ఎంతకు కొన్నారో పదిమందికీ చెప్పకపోవడమే తప్పు.

రెండు రాష్ట్రాలు, రెండు ధరలు

ఇందుకు నిదర్శనం ఈ రాష్ట్రంలోనే ఉంది. 2020 ఏప్రిల్ 17న దక్షిణ కొరియా నుంచి ప్రత్యేక విమానంలో లక్ష ర్యాపిడ్ పరీక్ష కిట్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఒక్కొక్క కిట్టు ధర 730 రూపాయలు. అదే రోజున ఛత్తీస్‌గఢ్ ఆరోగ్యశాఖ మంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్ ఒక ప్రకటన చేశారు. అదే కంపెనీకి చెందిన భారతీయ సంస్థ నుంచి 75 వేల కిట్లను తమ రాష్ట్రం 337 రూపాయల చొప్పున కొంటున్నదని, పన్ను అదనమని ఆ ప్రకటన సారాంశం. పన్నులు పక్కన పెడితే కిట్టుకు 393 రూపాయల తేడా. లక్ష కిట్లకు లెక్క కడితే 3 కోట్ల 93 లక్షలు.

ప్రతిపక్షాలు ధ్వజమెత్తాయి. ఆర్డరు ఇచ్చేనాటికి ఆ కిట్టు తయారీకి దేశంలో అనుమతి లేదని, అందుకే కొరియా నుంచి తెప్పించవలసి వచ్చిందని అధికారులు వివరణ ఇచ్చారు. దేశంలో మరే రాష్ట్రానికైనా ఇంతకన్నా తక్కువకు అమ్మితే ఆ తక్కువ ధరే తామూ చెల్లిస్తామన్న షరతు ఒప్పందంలో ఉందని కూడా ప్రకటించారు. షరతు రాసుకున్నవారు ముందుచూపు గలవారే. అయితే పక్క రాష్ట్రం ధర బయటపడకపోతే ఆ షరతు ఎవరికి అక్కరకొచ్చేది? ఒక మంత్రి తన ధరను బయటపెట్టాడు గనుకనే ఇక్కడి ధర మీద ప్రశ్న పుట్టింది.

కేంద్రం కొనుగోలు కథ కూడా ఇలాగే బయటపడింది. చైనా నుంచి వచ్చిన ర్యాపిడ్ కిట్లను భారత వైద్య పరిశోధన మండలి 600 రూపాయల చొప్పున కొనడానికి ఒప్పుకుంది. దిగుమతి చేసుకున్న వ్యాపారికి, పంపిణీ చేసే వ్యాపారికి మధ్య తగాదా వచ్చి ఢిల్లీ హైకోర్టుకు ఎక్కారు. ఆ కిట్టు దిగుమతి ధర 245 రూపాయలేనని కోర్టు కాగితాల్లో తేలింది. పన్నుతో కలిపి 400 మించరాదని హైకోర్టు 2020 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఆ కిట్లు సరిగా పనిచేయడం లేదంటూ మండలి వాటిని వాడవద్దంది, ఆర్డరు రద్దయింది. అడ్వాన్సు ఇవ్వలేదు గనుక సర్కారుకు నష్టం లేదని కేంద్రం చెప్పుకుంది.

ఒకచోట మంత్రి ప్రకటన, ఒకచోట వ్యాపారుల తగువు. రెండు చోట్లా అసలు ధర కాకతాళీయంగానే జనం చెవిన పడింది. తగువు రాని కొనుగోళ్ల సంగతేమిటి? వ్యాపారులిద్దరూ సఖ్యంగా ఉన్నచోట ప్రజలకు తెలిసే దారి ఏది?

ధర ఎక్కువైతే దొంగతనమేనా?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ధర ఎక్కువైనంత మాత్రాన దొంగతనం జరిగిందని ముద్ర వేయరాదు. పలాసలో 80 కిలోల జీడిపిక్కల బస్తా ధర ఈ వారం ఉన్నట్లు వచ్చే వారం ఉండదు. సరుకు కరువైనప్పుడు ధర లేస్తుంది. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రపంచమంతా మాస్కుల కోసం, కిట్ల కోసం ఎగబడింది. కాబట్టి ధరలు పోల్చేటప్పుడు తేదీ చూడాలి, నాణ్యత చూడాలి, ఎన్ని కొన్నారో చూడాలి, రవాణా ఖర్చు ఎవరిదో చూడాలి.

అవన్నీ చూశాక కూడా లెక్క కుదరకపోతే అప్పుడు అడగాలి. కేరళలో జరిగింది అదే. 2020 మార్చి చివర 550 రూపాయలకు దొరికిన రక్షణ దుస్తుల కిట్టును ఒకటి రెండు రోజుల తేడాతో మరో సంస్థ దగ్గర 1,550 రూపాయలకు కొన్నారని కాగ్ తన నివేదికలో రాసింది. ఇందువల్ల 10 కోట్ల 23 లక్షల రూపాయల అదనపు భారం పడిందని లెక్క తేల్చింది. ఆనాటి పరిస్థితి అటువంటిదని కేరళ ప్రభుత్వం సమర్థించుకుంది. ఎవరి వాదన నిజమన్నది అలా ఉంచితే, వాదించుకోవడానికి తేదీలు, ధరలు ఉన్నాయి. కానీ ఆ నివేదిక బయటికి వచ్చింది 2025 జనవరిలో! ఇల్లు కాలిన అయిదేళ్లకు నీళ్లబిందె వచ్చినట్లయింది.

కాగితం బయట ఉంటే నిజాయితీగా కొన్న అధికారికీ మేలే. అర్ధరాత్రి ఫోన్లు చేసి, బతిమాలి, ఎక్కువ ధరకైనా సరే ఆక్సిజన్ తెప్పించి ప్రాణాలు నిలబెట్టిన అధికారి మీద రేపు ఎవరైనా నింద వేస్తే, అతన్ని కాపాడేది ఆ కాగితమే.

నోరు విప్పినవాడికి శిక్ష

2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ మాస్కులు లేవని బహిరంగంగా చెప్పారు. రెండు రోజుల్లో ఆయన సస్పెండయ్యారు. ఆ తర్వాత విశాఖపట్నం నడిరోడ్డు మీద పోలీసులు ఆయనపట్ల ప్రవర్తించిన తీరు మీద హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. 2021 మేలో ఆయన కన్నుమూశారు.

ఆ ఆసుపత్రికి ఏ తేదీన ఎన్ని మాస్కులు చేరాయి, ఎన్ని మిగిలాయి అన్న స్టాకు రిజిస్టరు ఆసుపత్రి గోడ మీద ఉండి ఉంటే, ఆ వివాదం ఒక్క పూటలో తేలిపోయేది. మాస్కులు ఉంటే డాక్టరు మాట తప్పని తేలేది. లేకుంటే పంపవలసినవారు పంపేవారు. కాగితం మూసిపెట్టినచోట మనిషి నోరు తెరవవలసి వస్తుంది. దాని ఫలితం ఆ మనిషే అనుభవిస్తాడు.

అదే ఏడాది జూన్ 26న పలాసలో జరిగిన ఘోరం జిల్లావాసులు మరువలేదు. కరోనా సోకినట్లు తేలిన ఒక వృద్ధుడి మృతదేహాన్ని జె.సి.బి. తొట్టెలో వేసి శ్మశానానికి తరలించారు. రాష్ట్రమంతా నివ్వెరపోయింది. ముఖ్యమంత్రి విచారం వెలిబుచ్చారు. మునిసిపల్ కమిషనరును, శానిటరీ ఇన్‌స్పెక్టరును సస్పెండు చేశారు. అంతటితో ఆ అధ్యాయం ముగిసింది. కానీ అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగలేదు. అటువంటి వేళకు వాహనం సమకూర్చుకోవడానికి పట్టణానికి నిధులు వచ్చాయా? వస్తే ఏమి కొన్నారు? రాకపోతే కావాలని పైకి రాసిన ఉత్తరం ఏది? ఇద్దరిని సస్పెండు చేస్తే శిక్ష పడుతుందేమో గాని, ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు.

విజయనగరంలో 2021 ఏప్రిల్ చివర మహారాజా ఆసుపత్రిలో ఆక్సిజన్ పీడనం తగ్గి రోగులు అల్లాడారు. మరణాలకు అదే కారణమని బంధువులు, కాదని అధికారులు. ఇప్పటికీ జనం నోట రెండు మాటలూ ఉన్నాయి. ఆ రాత్రి ఎన్ని సిలిండర్లు వచ్చాయి, ఎన్ని ఖర్చయ్యాయి అన్న లెక్క ఆనాడే బయట పెట్టి ఉంటే ఒక్క మాటే మిగిలేది.

నాలుగు కాగితాలు పక్కపక్కన పెడితే

కొనుగోలు లెక్క చూడటానికి పెద్ద చదువు అక్కరలేదు. పెళ్లింట చదివింపుల పద్దు చూడగలిగినవాడు ఇదీ చూడగలడు. కావలసింది నాలుగు కాగితాలు.

మొదటిది ఆర్డరు. ఎవరు అడిగారు, ఎన్ని అడిగారు, ఏ ధరకు, ఏ నాణ్యతతో అన్నది అందులో ఉంటుంది. రెండవది స్టాకు రిజిస్టరు. సరుకు ఏ తేదీన ఎంత వచ్చిందో అది చెబుతుంది. మూడవది పంపిణీ పట్టిక. ఏ ఆసుపత్రికి, ఏ పంచాయతీకి ఎంత ఇచ్చారో అందులో తెలుస్తుంది. నాలుగవది చెల్లింపు వోచరు. ఎవరికి, ఎంత, ఎప్పుడు ఇచ్చారో అది చెబుతుంది. ఈ నాలుగూ కలిస్తే లెక్క సరి. ఆర్డరులో 100 బస్తాలు, రిజిస్టరులో 60, పంపిణీలో 40, చెల్లింపు 100 బస్తాలకు అని కనిపిస్తే అప్పుడు ఊరు ఊరంతా లేచి అడగవచ్చు.

వీటికి తోడు ఊరి కన్ను అనే అయిదవ సాక్షి ఉంది. బ్లీచింగ్ చల్లిన పారిశుద్ధ్య కార్మికుడికి ఎన్ని బస్తాలు చల్లాడో తెలుసు. మాస్కులు పంచిన ఆశా కార్యకర్తకు ఎన్ని గడపలకు ఇచ్చిందో తెలుసు. 2020లో గుంటూరు జిల్లాలో బ్లీచింగ్ పేరిట సున్నం సరఫరా అయిందన్న ఆరోపణ పెద్ద దుమారం లేపింది. బస్తా ముడి విప్పితే ముక్కుపుటాలు అదిరే వాసన రాకపోతే అది బ్లీచింగ్ కాదని చెప్పడానికి ఇంజనీరు అక్కరలేదు.

మరో సంగతి. మాత్ర లేకపోతే ఊరివాళ్ల కోపం ముందుగా పడేది ఏ.ఎన్.ఎం. మీద, పి.హెచ్.సి. డాక్టరు మీద. నిజానికి ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు, పరికరాలు ప్రధానంగా కొనేది రాష్ట్ర వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ. అక్కడి నుంచి జిల్లా కేంద్రంలోని మందుల గోదాముకు, గోదాము నుంచి ఆసుపత్రికి సరుకు వస్తుంది. ఎక్కడ ఆగిపోయిందో కాగితం చూస్తేగాని తెలియదు. కాగితం చూడకుండా నర్సమ్మను నిలదీస్తే ప్రయోజనం లేదు.

కరోనా పోయినా లెక్క పోలేదు

అయిదారేళ్ల కిందటి లెక్క ఇప్పుడెందుకని కొందరు అనవచ్చు. కానీ ఆనాడు కొన్న యంత్రాలు ఈనాడూ ఆసుపత్రుల్లోనే ఉన్నాయి. 2022 జనవరిలో రాష్ట్రంలో 144 ఆక్సిజన్ ఉత్పత్తి ప్లాంట్లను 426 కోట్ల రూపాయల వ్యయంతో ప్రారంభించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. అందులో తమ ప్రాంతపు ఆసుపత్రికి వచ్చిన ప్లాంటు నేడు నడుస్తోందా? మరమ్మతు బాధ్యత ఎవరిది? ఆ ఒప్పందం ఎన్నేళ్లు? యంత్రం తుప్పు పట్టిపోయాక మళ్లీ రోగం వస్తే మళ్లీ అర్ధరాత్రి సిలిండర్ల కోసం పరుగులేనా?

ఉద్దానం మాట వేరే చెప్పనక్కరలేదు. కరోనా రెండేళ్లలో తగ్గింది. ఉద్దానం కిడ్నీ జబ్బు మూడు దశాబ్దాలుగా ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. దాని నివారణ పేరిట హిరమండలం జలాశయం నుంచి ఎనిమిది వందలకు పైగా ఊళ్లకు నీరిచ్చేందుకు 700 కోట్ల రూపాయల పథకం కట్టారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం నిర్మించారు. రెండింటినీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. కట్టినందుకు సంతోషమే. ఇక ప్రతి ఊరి కుళాయికీ రోజుకు ఎంత నీరు రావాలని ఒప్పందంలో రాశారో, నిర్వహణకు ఏటా ఎంత ఇస్తున్నారో, డయాలిసిస్ సరంజామా ఏ ధరకు కొంటున్నారో కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రజలకు తెలియాలి. వారానికి రెండు మూడుసార్లు సూది పొడిపించుకునే మనిషికి ఆ లెక్క తెలుసుకునే హక్కు లేకపోతే మరెవరికి ఉన్నట్లు?

తలుపులు మూసింది ఎవరు?

ఈ విషయంలో ఏ ఒక్క పార్టీనో అనడానికి లేదు. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవోలను వెబ్‌సైటులో అందరికీ కనపడేలా ఉంచడం ఆపేసింది. కరోనా రెండో ఉధృతి అప్పుడప్పుడే తగ్గుముఖం పట్టిన కాలమది. ప్రభుత్వం మారాక, 2024 ఆగస్టులో గాని ఆ పద్ధతి తిరిగి రాలేదు. కేంద్రంలోనూ అంతే. 50 వేల వెంటిలేటర్ల కోసం పి.ఎం. కేర్స్ నిధి నుంచి 2,000 కోట్లు ఇస్తున్నట్లు 2020 మేలో ప్రకటించారు. ఆ నిధి వివరాలు అడిగితే అది సమాచార హక్కు చట్టం కిందకు రాదని జవాబిచ్చారు.

ఇతర దేశాల్లో ఏమి జరిగిందో చూడండి. ఉక్రెయిన్‌లో 2016 నుంచి సర్కారు కొనుగోళ్లన్నీ ఒకే వెబ్‌సైటులో ఉంటాయి. అందరూ అన్నీ చూస్తారు అన్నది దాని నినాదం. కరోనా వేళ టెండరు లేకుండా కొన్నా, ఆ కొనుగోలు వివరం అందులో పెట్టాలన్నారు. ఇంగ్లండులో పెద్దల సిఫారసు ఉన్న వ్యాపారులకు వేరే దారి పెట్టి కాంట్రాక్టులు ఇచ్చారని ఆడిటు సంస్థ 2020 నవంబరులో బయటపెట్టింది. గడువులోగా కాంట్రాక్టులు ప్రచురించకపోవడం చట్టవిరుద్ధమని లండన్ హైకోర్టు 2021 ఫిబ్రవరిలోనూ, ఆ సిఫారసు దారి చట్టవిరుద్ధమని 2022 జనవరిలోనూ తీర్పులు చెప్పింది. దొరలు ఏలిన దేశంలోనే దొరలకు వేరే దారి ఉండరాదని కోర్టు అన్నది గమనార్హం.

అడిగే దారి

సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఈ రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే సమాచార కమిషన్. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. పాత కాగితాలు ఏ జిల్లాలో ఉన్నాయో తెలియక జనం తికమక పడవచ్చు. ఆ బెంగ అక్కరలేదు. తప్పు కార్యాలయంలో ఇచ్చినా అయిదు రోజుల్లో సరైన కార్యాలయానికి బదిలీ చేయవలసింది అధికారులే.

అడిగేటప్పుడు అవినీతి జరిగిందా అని అడగరాదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా వస్తువు కొనుగోలు ఆర్డరు, స్టాకు రిజిస్టరు, పంపిణీ పట్టిక, వోచరు నకళ్లు ఇవ్వండి అని అడగాలి. రోగుల పేర్లు అడగరాదు, అవి వారి సొంత విషయాలు. పంచాయతీ ఖర్చులయితే 2020 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో ఉంటాయి. ఫోను ఉన్న కుర్రవాడు రచ్చబండ దగ్గర పదినిమిషాల్లో తీసి పెద్దలకు చదివి వినిపించగలడు.

ఊరి నడుమ చదివించండి

అయితే ఒక్కొక్కరూ దరఖాస్తులు పెట్టుకుంటూ తిరగడం ఎంతకాలం? 1994లో రాజస్థాన్‌లోని కోట్ కిరానా అనే ఊళ్లో కూలీలు పనుల బిల్లులను జనం ముందు బిగ్గరగా చదివించారు. పనికి రానివారి పేర్లు మస్టర్లలో బయటపడ్డాయి. సమాచార హక్కు చట్టానికి బీజం అటువంటి సభల్లోనే పడింది. ఆ బాటలోనే ఈ రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. ఎవరు చెరువులో ఎన్ని రోజులు మట్టి తవ్వారో గ్రామసభలో చదివే పద్ధతి శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు కొత్త కాదు.

కూలివాడి రోజువారీ కూలిని సభలో చదవగలిగిన సర్కారు, కోట్ల రూపాయల మందుల బిల్లును ఎందుకు చదవలేదు? పేదవాడి మస్టరుకు ఉన్న తనిఖీ కంపెనీల బిల్లుకు ఉండవద్దా?

ప్రతి పి.హెచ్.సి.కి వచ్చిన మందులు, పరికరాలు, వాటి ధరల జాబితాను ఆరు నెలలకోసారి ఆ ఆసుపత్రి పరిధిలోని గ్రామసభల్లో చదివించాలి. విపత్తు పేరిట టెండరు లేకుండా కొన్నదేదైనా నెలలోగా ధరతో సహా జిల్లా కార్యాలయం గోడ మీద, వెబ్‌సైటులో పెట్టాలి. ఇందుకు కొత్త కార్యాలయాలు అక్కరలేదు, కొత్త ఉద్యోగులు అక్కరలేదు. రాసిన లెక్కను చదివి వినిపించడమే పని. శాసనసభ్యులు, జిల్లా పరిషత్తు సభ్యులు ఈ కోరికను భుజాన వేసుకోవాలి. వారు వేసుకోకపోతే గ్రామసభలే తీర్మానాలు చేసి కలెక్టర్లకు పంపాలి.

రోగం మళ్లీ వస్తుంది. ఏ పేరుతో, ఏ ఏట వస్తుందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు కూడా ప్రాణభయంతో ఉన్న జనానికి ధర అడిగే ఓపిక ఉండదు. అందుకే అడిగే అలవాటు ఇప్పుడే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేసుకోవాలి. సంతలో వంకాయలకు రేటు అడిగే జనం, తమ సొమ్ముతో కొన్న మందుకు రేటు అడగడానికి వెనకాడనక్కరలేదు.